గురువారం వరస

1958 జూన్ 14

మాబు సాహెబు ఈ నోటుపుస్తకం ఇచ్చాడు. వాడి కొట్టుకు రంగులు పంపే మద్రాసు వాళ్లు ఇచ్చారట. "సంతకం తప్ప నాకు రాయడం రాదు, నువ్వుంచుకో చెంచయ్యా" అన్నాడు. ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువు తుప్పు పట్టకుండా ఉంటుందని తీసుకున్నాను. ఎవరికీ చూపించేది లేదు. మా ఇంటిది సామ్రాజ్యానికి చదువు రాదు కాబట్టి దాచాల్సిన పని కూడా లేదు.

ఎడమ మోచేతి కింద మచ్చ ఒకటి వచ్చింది. రూపాయి బిళ్లంత ఉంది. చుట్టూ ఉన్న ఒంటి కంటే రంగు తక్కువ. సామ్రాజ్యం వీపుకు నీళ్లు పోస్తూ చూసి, "ఇదెప్పటిది?" అంది.

"తామర" అన్నాను.

"తామరైతే దురద పెట్టాలిగా?"

"పెడుతోంది" అన్నాను.

పెట్టడం లేదు.

జూన్ 15

తామరే. గంధకం రాశాను.

జూన్ 29

నా బతుకులో ఎన్నడూ జరగనిది ఈరోజు జరిగింది. పడుగులో నిలువు పోగు తెగితే చూసుకోకుండా జానెడు బట్ట నేసేశాను.

పదకొండో ఏట మా నాన్న నన్ను మగ్గం గుంటలో కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఇరవై మూడేళ్లు. కళ్లు మూసుకుని ఎడమ అరచేతి అంచుతో పడుగు మీద నిమిరితే చాలు, తెగిన పోగు ఎక్కడుందో చెప్పేవాణ్ణి. చీరాలలో మా వీధిలో అరవై మగ్గాలున్నా ఆ మాట నా గురించే చెప్పుకుంటారు.

నూలు కండెలు చుడుతున్న సామ్రాజ్యం లేచి వచ్చి చూసింది. "ఇంత దూరం పోయిందే. చేతికి తగల్లేదా?"

"సొసైటీ నూలు అట్లా ఏడిసింది. రోశయ్య ప్రెసిడెంటయినాక అంతా పుచ్చు నూలే" అని కేకలేశాను.

ఆమె నాతో పాటు కూర్చుని నేసిందంతా విప్పింది. నూలు బాగానే ఉంది.

జూలై 3

మాబు కొట్టుకు వెళ్తుంటే రైలు గేటు పడింది. అక్కడ రేకుల షెడ్డు ఉంది. ప్రతి గురువారం మిషన్ ఆసుపత్రి నుంచి ఇమ్మానియేలు అనేవాడు సైకిలు మీద వచ్చి అందులో కూర్చుని పెద్దరోగం వాళ్లకు మాత్రలిస్తాడు. ఊరంతా ఆ పక్కకు చూడకుండా నడుస్తుంది. నేనూ అంతే. కానీ మద్రాసు మెయిలు వచ్చేదాకా గేటు తియ్యరు కదా. వాళ్ల వరస పక్కనే పావుగంట నిలబడాల్సి వచ్చింది. పద్నాలుగు మంది ఉన్నారు. అందరి తలల మీదా గుడ్డలే.

ఇమ్మానియేలు తలెత్తి నా వంక చూశాడు. ముఖంలోకి కాదు, చెవి తమ్మెల వంక. తర్వాత నా చేతి వంక. నేను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాను.

వాడికి నన్నలా చూసే పనేంటి. ఒళ్లు మండిపోయింది.

జూలై 10

గంజి కుండ దించాను. పక్కింటి వాళ్లతో మాట్లాడుతూ ఎడమ చేత్తో పట్టుకునే ఉన్నాను. పాప వచ్చి "నాన్నా, చెయ్యి" అని ఏడ్చింది. చిటికెన వేలి పక్కనంతా బొబ్బలెక్కింది. నాకు తెలియలేదు.

నాకు తెలియలేదు.

ఆ జబ్బు పేరు ఈ పుస్తకంలో రాయను. రాస్తే ఉన్నట్టు.

జూలై 21

నూలు కోసమని చెప్పి బెజవాడ వెళ్లొచ్చాను. సత్రం వీధిలో ఒక వైద్యుడు ఉన్నాడు. మొండివి, రహస్యమైనవి కుదురుస్తానని బోర్డు. చేయి పట్టుకోకుండానే దూరం నుంచి చూసి పొడి ఇచ్చాడు. నలభై రోజులు ఉప్పు, పులుపు, కారం మూడూ మానాలట. గుంటూరు జిల్లాలో పుట్టినవాణ్ణి కారం మానమన్నాడు. అయినా మానేస్తాను. నాకు పట్టుదల తక్కువేం కాదు.

జూలై 24

వాంతులు.

ఆగస్టు 2

వాంతులు. పొడి పనిచేస్తోందనే అనుకుంటున్నాను. విషం బయటికి పోతుందని ముందే చెప్పాడు.

నిద్ర పట్టడం లేదు. పాపను ఎత్తుకోవడం మానేశాను. "నాన్న నన్నెత్తుకోడంలేదు" అని వాళ్లమ్మకు చెబుతోంది. ఏడేళ్ల పిల్లను ఎత్తుకోవడమేంటని కసిరాను. పోయిన నెల దాకా ఎత్తుకున్నాను.

ఆగస్టు 6

సామ్రాజ్యం పచ్చడి వేసిన ముద్ద నా కంచంలో పెట్టింది. తీసేశాను. మళ్లీ పెట్టింది.

"కారం మానమన్నారు" అన్నాను.

"ఎవరు?"

"డాక్టరు."

"ఏ డాక్టరు? ఏం జబ్బుకి?"

తలొంచుకుని చప్పిడి అన్నం తింటున్నాను. ఆమె కంచం అవతలికి లాగేసింది.

"జూన్లో నీ వీపుకి నీళ్లు పోసిన రోజే నాకు తెలుసు. మా మేనత్తకి ఇదే మచ్చ. ఆమెని పొలంలో పాక వేసి పెట్టారు, అక్కడే పోయింది. నువ్వు చెప్తావేమోనని రెండు నెల్లు చూశాను. నువ్వు చెప్పవు. ఎండిపోతావు గానీ చెప్పవు."

"నాకేం లేదు" అన్నాను.

"లేకపోతే తిను."

తిన్నాను. గోంగూర పచ్చడి. పదహారు రోజుల తర్వాత. కళ్లల్లో నీళ్లొచ్చింది కారానికే.

ఆగస్టు 14

ఈ ఆడది ఏం చేసిందో తెలిస్తే ఎవరైనా తలపట్టుకుంటారు. రైలు గేటు దగ్గరికి పోయి, ఆ వరసలో నిలబడి, ఇమ్మానియేలుతో మాట్లాడి వచ్చింది.

"ఎవరైనా చూస్తే?"

"చూశారు. నీకేనా అనడిగితే మా ఆయనకి అని చెప్పనా, నాకని చెప్పనా అని ఆలోచిస్తా నిలబడ్డా. ఎవరూ అడగలేదు. నాకేం ఊడిపోలేదు."

ఆమెతో మాట్లాడటం మానేశాను. పట్టుమని రెండు రోజులైనా మానేయాలి.

ఆగస్టు 25

సోమవారం. రైలెక్కి మిషన్ ఆసుపత్రికే వెళ్లాను. గేటు దగ్గరికి పోనని ముందే చెప్పాను, అందుకని ఇక్కడికి. సామ్రాజ్యం పాపను తీసుకుని వచ్చింది. ఇమ్మానియేలు మమ్మల్ని కూర్చోబెట్టి నా కళ్లకు గుడ్డ కట్టాడు.

"నేను తాకిన చోట వేలు పెట్టండి" అన్నాడు.

కుడి చేతి మీద తాకాడు, వేలు పెట్టాను. మెడ మీద తాకాడు, పెట్టాను. తర్వాత చాలాసేపు ఏమీ తాకలేదు. ఇంకెప్పుడు తాకుతాడా అని కూర్చున్నాను. సామ్రాజ్యం ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినిపించింది. గుడ్డ విప్పి చూస్తే అతని వేళ్ల మధ్య చిన్న దూది వత్తి, నా మచ్చ మీదే ఉంది.

దూది. నా చేతికి దూది తెలియలేదు.

పాపకు ఎక్కడా మచ్చల్లేవు. ఈ రోజుకి అదొక్కటే ఊరట.

మాత్రలిచ్చాడు, తెల్లటివి, చిన్నవి. కొన్నేళ్లు వాడాలట. నరం ఇంకా పూర్తిగా పోలేదు, ఇప్పుడు మొదలుపెడితే చెయ్యి దక్కుతుందన్నాడు. ఇంట్లోనే ఉండొచ్చు, పాక అక్కర్లేదన్నాడు. గురువారం గేటు దగ్గరికి రమ్మంటే రానన్నాను. మాబు కొట్లో ఇచ్చిపోతే నేను తీసుకుంటానన్నాను.

"ఎదురుగా చూడకుండా మందివ్వడం నాకిష్టం లేదండీ. చెయ్యి చూడాలి, నరం చూడాలి" అన్నాడు.

"అట్లా అయితేనే వాడతాను" అన్నాను.

సరేనన్నాడు. అతను నన్ను అండీ అంటున్నాడు, నేను అతన్ని నువ్వు అంటున్నాను. వచ్చేటప్పుడు రైల్లో అది గుర్తొచ్చింది.

సెప్టెంబరు 5

మాబు కొట్లో పొట్లం తీసుకున్నాను.

సెప్టెంబరు 12

కొట్లో జనం ఉన్నారు. ఈ వారం వీలు పడలేదు.

సెప్టెంబరు 19

తీసుకున్నాను. ఇంట్లో మా పెద్దమ్మ వాళ్లు దిగారు. వాళ్ల ముందు మింగడం దేనికని ఆపాను.

అక్టోబరు 3

ఈ వారం వీలు పడలేదు.

అక్టోబరు 10

ఈ వారం వీలు పడలేదు. మాబు తనే పొట్లం పట్టుకుని ఇంటికొస్తానన్నాడు. వద్దన్నాను. రంగుల కొట్టువాడు వారం వారం నా ఇంటికి ఎందుకొస్తున్నాడని అడగరా?

అక్టోబరు 31

మచ్చ పెరిగిందంటోంది సామ్రాజ్యం. ఆమెకు చూపు సరిగ్గా లేదు.

డిసెంబరు 7

నేతగాళ్ల సొసైటీ మీటింగు. యాభై మంది ఉన్నారు. నూలు పంపకం గురించి అని పిలిచారు.

రోశయ్య లేచి, "మన వీధిలో ఒకరికి ఒంట్లో బాగాలేదు. పేరు చెప్పను. ఆ చేత్తో నేసిన చీర అని తెలిస్తే మన సరుకు ఎవడూ కొనడు. అతనే మర్యాదగా తప్పుకుంటే మంచిది" అన్నాడు. పేరు చెప్పనంటూనే నా వంక చూస్తున్నాడు. అందరూ అటే తిరిగారు. నా పక్కన కూర్చున్నవాడు పంచె సర్దుకున్నట్టు సర్దుకుని జానెడు అవతలికి జరిగాడు.

నేను లేచి వచ్చేశాను. దారి పొడుగునా ఎడమ చెయ్యి చొక్కా లోపలికి ముడుచుకుని నడిచాను.

డిసెంబరు 9

జ్వరం.

డిసెంబరు 13

నాలుగు రోజులుగా పుస్తకం ముట్టలేదు. మచ్చలు ఎర్రగా ఉబ్బాయి. మోచేతి వెనక నరం కొరకంచు పెట్టినట్టుంది. చిటికెన వేలు, పక్క వేలు లోపలికి వంగాయి, చాచితే రావడం లేదు.

ఇదంతా ఆ మాత్రల వల్లే. వాడక ముందు ఈ నొప్పి ఉందా? ఉన్న మాత్రలన్నీ పెరట్లో పారేశాను.

డిసెంబరు 14

సామ్రాజ్యం కబురు పెడితే ఇమ్మానియేలు ఇంటికే వచ్చాడు. సైకిలు గుమ్మం ముందే పెట్టాడు. వీధంతా చూసింది. పెరట్లో పెట్టమని చెప్పడానికి ఓపిక లేదు.

చెయ్యి చూసి, గుడ్డలు చుట్టి కర్ర బద్ద కట్టి కదపొద్దన్నాడు.

"ఏం జరిగింది ఈ మధ్య?" అనడిగాడు.

"ఏం జరగలేదు. నీ మాత్రల వల్ల వచ్చింది."

"వారం వారం వాడినవాళ్లకి మాత్ర వల్ల కూడా రావచ్చు. మీరు మూణ్ణెల్లలో ఎన్ని వాడారు?"

ముఖం గోడ వైపు తిప్పుకున్నాను. సామ్రాజ్యం మీటింగు సంగతి మొత్తం చెప్పేసింది.

అతను బద్ద కడుతూనే అన్నాడు. "పదేళ్లుగా చూస్తున్నానండీ. కానుపు అయినా, ఇంట్లో చావైనా, నలుగుర్లో పరువు పోయినా, ఆ వారంలోనే ఇట్లా ఎర్రబడి వస్తారు కొందరు. ఎందుకో పెద్ద డాక్టర్లు కూడా తేల్చి చెప్పరు. మనసుకి తగిలింది ఒంటికి తగలకుండా ఉండదని మాత్రం నాకు తెలుసు. ఇది తగ్గుద్ది. నా భయం ఇది కాదు. దిగులు పడి మందు మానేస్తారే, చేతులు అక్కడ పోతున్నాయి."

"జ్వరం తగ్గేదాకా మాత్ర ఆపుదాం. తర్వాత మళ్లీ కొంచెంతో మొదలుపెడదాం. ఆపడం వేరు, పారెయ్యడం వేరు" అన్నాడు.

పారేశానని సామ్రాజ్యం ఎప్పుడు చెప్పింది?

1959 జనవరి 4

మంచం మీదే. గోడ వైపు.

జనవరి 11

అన్నం సయించడం లేదు. తినకపోతే ఏమవుతుంది? అయితే కానీ.

జనవరి 18

మగ్గం చప్పుడు వినపడి లేచాను. ఇంట్లో ఇంకెవరు నేస్తారు? చూస్తే సామ్రాజ్యం గుంటలో కూర్చుని ఉంది. మా వీధిలో ఆడవాళ్లు గుంటలోకి దిగరు, కండెలు చుడతారు, పడుగుకి నూలు ఆసు పోస్తారు, అంతే. సొసైటీ నూలు ఆపేస్తే మాబు సాహెబు ఎక్కడో తెచ్చి ఇచ్చాడట. ఆ నూలుతో తువ్వాళ్లు నేస్తోంది. నేయడమా అది? పేక నూలు నడిపే నాడె ఒకవైపు, ఆమె కాళ్లొకవైపు. అంచు పాములాగా పోతోంది.

"ఆ తొక్కుడు అట్లా కాదు. ముందు కుడి కాలు" అన్నాను మంచం మీది నుంచే.

"నాకు తెలీదు. నీకు తెలుసుగా, పడుకుని చూడు" అంది.

"సామ్రాజ్యం, పోగు తెగింది. కుడి పక్క."

"తెగితే తెగిందిలే. అరవై మగ్గాల్లో గొప్ప నేతగాడి పెళ్లాం నేసింది, ఎవరో ఒకరు కొంటార్లే."

కావాలనే అంటోంది. తెలిసీ ఒళ్లు మండింది. లేచి వెళ్లి పక్కన కూర్చుని కుడిచేత్తో పోగు అతికించాను. నెల రోజుల తర్వాత మంచం దిగాను. సాయంత్రం రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 1

అన్నం తింటున్నాను. నొప్పి సగానికి తగ్గింది. కోపం మాత్రం తగ్గడం లేదు. మొదట్లో నా మీద నాకే ఉండేది, అది తిండిని నిద్రని మింగేసింది. ఇప్పుడు అది రోశయ్య మీదికి తిరిగింది. ఇది ఆకలి పుట్టిస్తోంది. నేను చస్తే వాడికి మీటింగులో ఒక మాట కలిసొస్తుంది. చావను.

ఫిబ్రవరి 12

గురువారం.

తెల్లారి తలకు పోసుకున్నాను. నేనే నేసిన పంచె కట్టుకున్నాను. పొట్టి చేతుల చొక్కా తొడిగాను. సామ్రాజ్యం తువ్వాలు అందించింది. భుజం మీద వేసుకున్నాను గానీ తల మీద కప్పుకోలేదు. ఆమె చూసింది.

మాబు కొట్టు సందులోంచి పోవచ్చు. పోలేదు. వీధి మధ్యలోంచి నడిచాను. మగ్గాలు ఒకటొకటిగా ఆగుతున్నాయి. అందరూ గుంటల్లోంచి తలలెత్తి చూస్తున్నారని చప్పుడు ఆగడాన్ని బట్టే తెలుస్తోంది.

రోశయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "ఎక్కడికిరా చెంచయ్యా?"

"గేటు దగ్గరికి అన్నా, మాత్రలకి. గురువారం గదా. కుష్టు వచ్చింది నాకు. నువ్వు మీటింగులో పేరు చెప్పలేదుగా, నేను చెబుతున్నా."

వాడు ఇటూ అటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. అంతా విన్నారు. వినాలనే అన్నాను. ఆగకుండా నడిచాను.

వరసలో పదహారు మంది ఉన్నారు. నేను పదిహేడు. నా ముందు మదార్‌బీ అనే ముసలామె, ఈపూరుపాలెం నుంచి నడిచి వస్తుందట. గుడ్డ కప్పని నా తల చూసి నవ్వింది.

"అందరూ సిగ్గుకి కప్పుకున్నారనుకునేవు నాయనా. నేను ఎండకి కప్పుకున్నా" అంది.

"కప్పుకో అమ్మా. ఎండ ఎక్కువగానే ఉంది" అన్నాను.

ఇమ్మానియేలు గారు నా పేరు కార్డు మీద రాసి చెయ్యి చూశారు. రెండు నెలల్లో నరం మెత్తబడిందన్నారు. వేళ్లకు నూనె రాసి రోజూ నలభై సార్లు చాపమన్నారు. అక్కడే నీళ్లడిగి మాత్ర అందరి ముందూ మింగాను.

ఈరోజు ఆ మాట ఈ పుస్తకంలో రాశాను. రాస్తే ఏం కాలేదు.

ఫిబ్రవరి 13

తెల్లారేదాకా నిద్ర పోయాను. ఎన్నాళ్లకో.

ఏప్రిల్ 16

పది గురువారాలు. ఒక్కటీ తప్పలేదు. మొదటి రెండు వారాలు వీధిలో గుసగుసలు. తర్వాత వాళ్లకే విసుగొచ్చింది. చాటుగా పోయేవాడి గురించి మాట్లాడుకోవచ్చు, అందరి ముందూ పోయేవాడి గురించి మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

చిటికెన వేలు పూర్తిగా రాలేదు, వంకర అట్లాగే ఉంది. రెండో వేలు చాలావరకు వచ్చింది. స్పర్శ రాలేదు, ఇక రాదు. కుడి అరచేత్తో పడుగు నిమరడం నేర్చుకుంటున్నాను. ముప్పై అయిదేళ్లకు మళ్లీ కొత్తగా నేత. సామ్రాజ్యం గుంట దిగనంటోంది. "నేను నేర్చుకున్నాగా, ఎందుకు దిగాలి?" అంటుంది. ఒకరి తర్వాత ఒకరం నేస్తున్నాం. ఆమె అంచు ఇంకా వంకరే.

పాపను ఎత్తుకున్నాను. బరువైంది.

సెప్టెంబరు 24

మచ్చ అంచులు కలిసిపోతున్నాయి. సొసైటీకి ఇమ్మానియేలు గారు ఉత్తరం రాశారు, ఇతని వల్ల ఎవరికీ భయం లేదని. రోశయ్య జవాబివ్వలేదు. ఇవ్వకపోతే మానె. మాబు నూలు తెస్తున్నాడు, మా తువ్వాళ్లు ఒంగోలు సంతలో అమ్ముడవుతున్నాయి.

1960 మార్చి 13

చాలా నెలలు ఏమీ రాయలేదు. బాగున్నప్పుడు రాయాలనిపించదేమో. ఈరోజు రాయాలి.

మధ్యాహ్నం భోజనాల వేళ పెరటి తలుపు ఎవరో తట్టారు. తీస్తే రోశయ్య. మా ఇంటికి వచ్చి పదిహేను నెలలైంది, అదీ పెరటి వైపు నుంచి.

"లోపలికి రా అన్నా" అన్నాను.

రాలేదు. గోడ వంక చూస్తూ, "ఆ మాత్రలు... నువ్వెలాగూ తెచ్చుకుంటున్నావుగా. రెండో పొట్లం కూడా అడిగి తేగలవా?" అన్నాడు.

"ఎవరికి?"

గొంతు తగ్గించి చెప్పాడు. చెల్లెలు నాంచారమ్మకు. మొగుడు పోయాక అన్న దగ్గరే ఉంటోంది, ముప్పై ఏళ్లు ఉండవు. రెండేళ్లుగా ఆమె బయటికి రావడం లేదు. మోకాళ్ల నొప్పులని చెబుతున్నారు. వెనక గదిలో ఉంచారట. కంచం గుమ్మం దగ్గర పెడతారట.

రెండేళ్లు. అంటే మీటింగులో వాడు లేచి మాట్లాడిన రోజుకే ఆమె ఆ గదిలో ఉంది.

పదిహేను నెలలుగా వాడికి చెప్పాల్సిన మాటలు నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మగ్గం తొక్కుతూ వాటికి పదును పెట్టుకున్నాను. అవేవీ రాలేదు. "ఆమెను గేటు దగ్గరికి పంపు" అన్నాను.

"పరువు పోద్దిరా."

"నాది పోయింది. బతికే ఉన్నా."

"నీ కాళ్లు పట్టుకుంటా. ఒక్క పొట్లం."

"తేను. చూడకుండా మందిచ్చేది లేదంటారు ఆయన. నేనూ అదే అంటున్నా. గురువారం, ముందు గుమ్మంలోంచి." తలుపు వేసేశాను.

సామ్రాజ్యం అంతా విని, "పగ తీర్చుకున్నావు" అంది.

"కాదు. చాటుగా మింగితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను మూణ్ణెల్లు అదే చేశా."

"నువ్వు చాటుగా మింగినప్పుడు నీకు పొట్లం ఇచ్చినవాళ్లున్నారు. ఆ పిల్లకి ఎవరున్నారు? వాడి మీద కోపం ఆమె కంచంలో పెట్టబాక."

పగ కాదు.

మార్చి 14

పగ కాదు అని పొద్దుటి నుంచి ఎన్నిసార్లు అనుకున్నానో. సగం పగే. వాడు కాళ్లు పట్టుకుంటానన్నప్పుడు నాకు హాయిగా అనిపించింది. అది కూడా రాస్తున్నాను.

మిగతా సగం నిజమే. ఆ సగం పని చెయ్యాలి.

మార్చి 15

సామ్రాజ్యాన్ని తీసుకుని రోశయ్య ఇంటికి ముందు గుమ్మంలోంచే వెళ్లాను. వాడు అడ్డం వచ్చాడు. "ఆమెతో మాట్లాడి పోతాం. వద్దంటే ఇక్కడే నిలబడి, వీధిలోంచి మాట్లాడతా" అన్నాను. నా గొంతు పెద్దదని వాడికి తెలుసు. పక్కకు తప్పుకున్నాడు.

వెనక గది తలుపు దగ్గరికేసి ఉంది. ఇవతలి నుంచే, "నాంచారమ్మా, చెంచయ్యను" అన్నాను.

లోపలి నుంచి జవాబొచ్చింది. "నువ్వు ఆ రోజు అరుగు ముందు అన్నది విన్నా అన్నా. తలుపు సందులోంచి."

"విని?"

"విని ఏడ్చా. నువ్వు మగాడివి, అనగలవు అనుకున్నా."

సామ్రాజ్యం తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. నేను కదల్లేదు. లోపల మాటలు వినిపించాయి. తింటున్నావా అంటే సయించదట. నిద్ర పడుతుందా అంటే పగలేదో రాత్రేదో తెలియదట. ఇమ్మానియేలు గారు చెప్పింది చెప్పాలనుకున్నాను, మాటలు కుదర్లేదు. నాకు తెలిసిందే చెప్పాను.

"మాత్ర చేదుగా ఉండదు. గేటు దాకా నడవడమే చేదు. అదీ మొదటి రోజే. నీ చేతిలో ఎంత మిగిలిందో నాకు తెలీదు. మిగిలింది మాత్రం నీదే. గురువారం మా ఇంటి ముందు నుంచి పోదాం."

ముందు గుమ్మంలోంచే ఇంటికొచ్చాం.

మార్చి 17

గురువారం. వీధి మలుపులో అరగంట నిలబడ్డాం. రాలేదు.

మార్చి 24

రాలేదు. ఇమ్మానియేలు గారు ఇంటికి వచ్చి చూస్తానన్నారట, రోశయ్య రానివ్వలేదు. సామ్రాజ్యం రోజూ వెళ్లి కూర్చుంటోంది. గోంగూర పచ్చడి పట్టుకెళ్తోంది. నిన్న రెండు ముద్దలు తిన్నదట.

మార్చి 31

మలుపులో నిలబడి, ఇక రాదని నడవబోయాం. వెనక మగ్గాలు ఆగడం మొదలైంది. ఒకటి, తర్వాత ఇంకొకటి. వెనక్కి తిరిగి చూశాను.

నాంచారమ్మ వీధి మధ్యలో నడిచి వస్తోంది. రెండేళ్లు ఎండ తగలని మనిషి, తెల్లగా పాలిపోయి ఉంది. కళ్లు చికిలించుకుని, గోడ పట్టుకోకుండా, ఒక్కో అడుగే వేస్తోంది. ముఖం మీద గుడ్డ లేదు. ఎడమ చెంప మీద మచ్చ అందరికీ కనిపిస్తోంది. సామ్రాజ్యం ఎదురెళ్లి చెయ్యి పట్టుకోబోతే, "వద్దు వదినా, నేనే నడుస్తా" అంది.

ఆమె వెనక ఇరవై అడుగుల దూరంలో రోశయ్య. గొడుగు వేసుకున్నాడు. ముఖం కనిపించకుండా బాగా కిందికి దించి పట్టుకున్నాడు. చెల్లెలి మీద మాత్రం ఎండ.

గేటు దగ్గర నాతో కలిపి పంతొమ్మిది మంది. మదార్‌బీ నాంచారమ్మ ముఖంలోకి చూసి, "కొత్తగా వచ్చావా అమ్మా, ఇట్లా నీడకి రా" అని తన చోటు ఇచ్చింది. ఇమ్మానియేలు గారు దూది తీసి ఆమె కళ్లకు గుడ్డ కట్టారు. కుడి అరచెయ్యి మీద తాకగానే ఆమె వేలు సరిగ్గా అక్కడే పెట్టింది. వేళ్ల చివర్ల మీద తాకినా పెట్టింది. ఎడమ చేతి మీద రెండు చోట్ల తప్పింది. "చాలా మిగిలింది" అన్నారు ఆయన. ఆమె గుడ్డ విప్పకుండా అట్లాగే కూర్చుని ఏడ్చింది.

కార్డు రాస్తూ, "వెంట ఎవరొచ్చారు?" అనడిగారు. ఇంటివాళ్లకు కూడా ఒకసారి పరీక్ష చెయ్యాలట.

రోశయ్య గొడుగు కిందే ఉన్నాడు. నేను చెప్పొచ్చు. చెప్పలేదు. నాంచారమ్మా చెప్పలేదు.

మద్రాసు మెయిలు వచ్చి వెళ్లిపోయింది. గేటు తీశారు. రోశయ్య కావాలంటే దాటి అవతలికి పోవచ్చు. గొడుగు మూశాడు. "నేను. అన్నని" అన్నాడు.

"అయితే మీరూ చూపించుకోవాలి. వరసలోకి రండి" అన్నారు ఇమ్మానియేలు గారు.

వాడు సొసైటీ ప్రెసిడెంటు. ఊళ్లో ఎక్కడికెళ్లినా ముందు కుర్చీ వేస్తారు. అలవాటుగా నేరుగా బల్ల దగ్గరికి నడిచాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను, ఎడమ చెయ్యే.

"వరస అక్కడి నుంచి అన్నా" అన్నాను.

వాడు నా వేలి వంకర చూశాడు, నా ముఖం చూశాడు. వెనక్కి వెళ్లి చివర్లో నిలబడ్డాడు. ఇరవై ఒకటో మనిషి.